నుదురూ, ఇంత ఆకాశం

ఇరవై రెండేళ్లుగా పొట్టల్ని
అరచేతులతోనే చదివినదాన్ని.
ఆ ఏడు వాటిని సబ్బుతో కడిగి కడిగి
ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నారు.
కాస్త్రో ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ అవతల చిలోయే వాన, తెగదు.
బల్ల మీద ఒక ఫోనూ
తొమ్మిది దీవుల్లో పద్నాలుగు పేర్లూ.

పదకొండో పేరు రోసాల్బా నాగిల్.
ఆపియావో దీవి. తొలిచూలు. ఇరవై ఆరో వారం.
మనుషుల పడవలు ఆపేశారు,
సరుకుల పడవ ఒక్కటే గురువారం గురువారం.
అందులో పిండి బస్తాల నడుమ
రక్తపోటు మిషను పంపించి
పట్టీ ఎలా చుట్టాలో
నా చేతికే చుట్టుకుని చూపించాను.
"మీ బీపీయే ఎక్కువుందండీ" అని నవ్వింది.
నిజమే, ఉంది.

సిగ్నలు కోసం చర్చి వెనక మిట్ట ఎక్కేది.
ఫోను ఎలా పట్టుకోవాలో ఎన్నిసార్లు చెప్పినా
నాకు కనిపించేది ఆమె నుదురే.
నుదురూ, దాని పైన ఇంత ఆకాశం.
ఎడమ కనుబొమ నడిమికి తెగి ఉంటుంది,
చిన్నప్పుడు గొర్రెల కంచె దూకబోయి పడిందట.
ముక్కు ఎలా ఉంటుందో తెలీదు.
నవ్వు వినడమే గానీ చూసిందీ లేదు.

టేపు లేదంది. ఉన్ని ఉందా అన్నాను.
ఆ దీవిలో ఉన్ని లేని ఇల్లుంటుందా!
పొత్తికడుపు కింది ఎముక నుంచి
గర్భసంచి పై అంచు దాకా దారం పరిచి, తుంచి,
పక్కింటి పిల్లాడి స్కేలు మీద పెట్టి చెప్పేది:
"ఇరవై ఆరు."
"ఇరవై ఏడు, పైన ఒక ఆవగింజంత."
ఆ ముక్కలు పారేయలేదు.
గోడ మేకుకి వరసగా వేలాడదీసి
"ఇంట్లో కూడా వాన పడుతోంది" అంది.

"కుడి చెయ్యి కింద వెయ్యి. నెమ్మదిగా నొక్కు.
గుండ్రంగా, గట్టిగా తగులుతోందా,
బంగాళాదుంపలా?"
"ఏ రకం?"
వేళాకోళం కాదు. వాళ్లమ్మ మడిలో పదహారు రకాలు.
నాకు నోట మాట రాలేదు.
ఆమె చెయ్యే నా చెయ్యనుకోవడం
అలవాటైపోయిందని రాద్దామనుకున్నాను.
అబద్ధమెందుకు, కాలేదు.

మే నెలలో నాలుగో పేరు మీద గీత కొట్టాను.
దాని గురించి ఇక్కడ రాయను.

ముప్పై ఆరో వారం, మంగళవారం, చీకటి పడ్డాక.
నూట యాభై ఆరు, నూట నాలుగు.
"పొయ్యి పొగకి తలనొప్పి, అంతే" అంది.
మళ్లీ కొలవమన్నాను. నూట అరవై.
"కళ్ల ముందు మెరుపుల్లాంటివేమైనా?"
ఫోనులో వాన చప్పుడు కాసేపు.
"మెరుపులు కాదు. దూరంగా పడవ దీపాలు.
ఇందాకట్నుంచీ వస్తున్నాయి, పోతున్నాయి."

మంగళవారం పడవలుండవు కదా, రోసాల్బా.

ఆ తర్వాత నేను ఎవరెవరి మీద అరిచానో
సరిగ్గా గుర్తు లేదు.
తీరరక్షణ వాళ్ల లాంచీ కదిలింది.
సాల్మన్ చేపల వలల దగ్గర
షిఫ్టయినా ఒడ్డుకి వదలని ఆమె మొగుడికి
ఎవరో రేడియోలో కబురు చెప్పారు.

తెల్లవారుజామున రేవులో
ముగ్గురు ఆడవాళ్లు దిగారు.
ముగ్గురికీ మోకాళ్ల దాకా వానకోట్లు,
కళ్ల దాకా మాస్కులు.
స్ట్రెచరు కుర్రాడు తికమకపడ్డాడు, ఎవరని.
నాకెందుకు తికమక?
మూడు నెలలుగా చూసిందంతా
మాస్కు పైనే ఉంది:
తెగిన కనుబొమ, నుదురూ.
పైన ఆకాశం ఇంకా విచ్చుకోలేదు.

కోటు గుండీలు విప్పి
తొడుగు వేసిన చెయ్యి వేశాను.
గుండ్రంగా, గట్టిగా.
సరిగ్గా ఆమె చెప్పిన చోటే.

మాస్కు కింద నుంచి, బాగా నీరసంగా,
"ఏ రకం?" అంది.

ఈసారీ నా దగ్గర జవాబు లేదు.
డీజిలు వాసన, వాన.
పదండి పదండి అంటున్నారు.
చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.